బిడ్డకు పాలిస్తున్నామని వెనక్కి పంపకండి: వైద్యాధికారులకు, డాక్టర్లకు ఒక తల్లి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు,
రేడియాలజిస్టులకు, గైనకాలజిస్టులకు, స్కానింగ్ సెంటర్ల యజమానులకు,

విషయం: పాలిచ్చే తల్లులకు రొమ్ము క్యాన్సర్ పరీక్షలు చేయకుండా తిప్పి పంపడం గురించి.

నమస్కారం.

విడివిడిగా రాయడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు అందరికీ కలిపి, అందరి ముందూ రాస్తున్నాను. ఏడాది కాలంలో ఒక ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఒక ఉత్తరం, జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి రెండు ఉత్తరాలు, సోమవారం గ్రీవెన్స్‌లో ఒక అర్జీ ఇచ్చాను. ఉత్తరాలకు జవాబు లేదు. అర్జీకి మాత్రం పద్దెనిమిదో రోజున ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. నన్ను ఎవరూ పిలవలేదు, ఏమీ అడగలేదు. ఆ పరిష్కారం ఏమిటో తెలిస్తే నేనూ సంతోషిద్దామని ఇప్పటికీ చూస్తున్నాను.

జరిగింది చెబుతాను. మా అమ్మకు 46వ ఏట రొమ్ము క్యాన్సర్ బయటపడింది. నాలుగేళ్లు బతికింది. అమ్మకు వైద్యం చేసిన పెద్దాయన అప్పుడే నాకూ, మా చెల్లెలికీ చెప్పారు. అమ్మకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచే, అంటే 36 నుంచే, ఏటా పరీక్ష చేయించుకోండి, 40 దాకా ఆగొద్దు అని. నేను బద్ధకించాను. ఇవాళ రేపు అంటూ మూడేళ్లు గడిపాను. అందులో ఎవరి తప్పూ లేదు, నాదే. పెద్దమ్మాయి పుట్టిన తొమ్మిదేళ్లకు బాబు పుట్టాడు. వాడికి ఏడో నెల వచ్చాక, 39వ ఏట, ధైర్యం చేసి వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. పేరు, వయసు, చివరి నెలసరి తేదీ, గర్భవతా కాదా. నెలసరి గడి ఖాళీగా వదిలేశాను. "ఇంకా రాలేదండీ, పాలిస్తున్నాను" అన్నాను. అంతే. ఎర్రపెన్నుతో ఫారం పైన అడ్డంగా 'ఫీడింగ్' అని రాసి నా వైపు తోసేసింది. "పాలు మాన్పించి ఆరు నెలలయ్యాక రండి మేడమ్. ఇప్పుడు తీస్తే ఏమీ కనపడదు, బాబుకి కూడా మంచిది కాదు." నా వెనుక ఏడెనిమిది మంది ఉన్నారు. మెట్ల మీద మా ఆయన చేతిలో బాబు ఏడుస్తున్నాడు, వాడి ఏడుపు విని నా జాకెట్టు తడిసిపోతోంది. పమిట సర్దుకుంటూ, డాక్టరు గారిని ఒక్కసారి అడుగుతానమ్మా అన్నాను. సారు కూడా అదే చెబుతారంది.

ఇంకో రెండు చోట్ల కూడా అడిగాను. ఒకరు మూడు నెలలు ఆగమన్నారు, ఒకరు ఏడాదన్నారు. మూడు చోట్ల మూడు గడువులు, కూరగాయల బేరం లాగా. ఒక్కరు కూడా ఆ మాట కాగితం మీద పెట్టలేదు. నోటితో చెప్పి పంపించేశారు. నా బాధంతా ఆ నోటిమాట మీదే.

ఎందుకంటే రాసిన చోట అలా లేదు. పాలిచ్చే తల్లుల రొమ్ము పరీక్షల గురించి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2018లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిపాల మీద పనిచేసే డాక్టర్ల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2019లో ఇచ్చిన 30వ ప్రోటోకాల్ పూర్తిగా ఈ విషయం మీదే. రెండింటి సారాంశం ఒక్కటే: పరీక్ష కోసం పాలు మాన్పించక్కర్లేదు. 40 దాటినవారికీ, ముప్పు ఎక్కువున్న అంతకన్నా చిన్నవారికీ పాలిస్తున్నా స్క్రీనింగ్, అంటే ఏ లక్షణం లేకున్నా ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష, చేయవచ్చు. గడ్డ ఉంటే ఇక ఆగే ప్రశ్నే లేదు.

మీలో రేడియాలజిస్టులకు ఇది నేను చెప్పాలా! అయినా ఈ లేఖ చదివే తల్లుల కోసం నాకు అర్థమైనట్టు చెబుతాను. పాలు పడే రోజుల్లో రొమ్ము దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. కాబట్టి పోల్చుకోవడం కొంత కష్టం. కౌంటర్ అమ్మాయి చెప్పినదాంట్లో ఆ మేరకు నిజముంది. దానికి విరుగుడు కూడా ఉంది. పరీక్షకు ముందు బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, లేదా పిండేసి, వెంటనే తీయించుకోవాలి. అవసరమైతే అల్ట్రాసౌండ్ కూడా కలిపి చూస్తారు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషనే లేదు, కడుపులో బిడ్డ ఉండగా చేసేదీ అదే స్కానింగ్. ఇక మామోగ్రామ్ ఎక్స్‌రే పాలలో మిగిలిపోదు. ఫొటో తీశాక ఫ్లాష్ వెలుగు గదిలో ఉండిపోతుందా? ఇదీ అంతే. గది బయటికి వచ్చి కుర్చీలో కూర్చుని వెంటనే పాలివ్వవచ్చు.

ఎమ్మారైలో రంగు మందు ఎక్కిస్తారు కదా అంటారు. ఆ గాడోలినియంలో 24 గంటల్లో పాలలోకి వచ్చేది 0.04 శాతం కన్నా తక్కువ. అందులోనూ బిడ్డ ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు లోపే. సూదితో ముక్క తీసే బయాప్సీకి కూడా పాలు మాన్పించనక్కర్లేదు. సూది పడ్డ చోట నుంచి కొన్నాళ్లు పాలు కారే అవకాశం ఉంది, అది అరుదు, దాన్ని చూసుకోవచ్చు. అసలు సంగతి తెలుసుకోవడానికి ఆలస్యం చేయడం కన్నా అది నయం.

ఇవేవీ తెలియక నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో, బాబుకు పదో నెలలో, పాలు మాన్పించాను. మా అత్తయ్య రాత్రిపూట మల్లెమొగ్గలు గుడ్డలో చుట్టి రొమ్ములకు కట్టింది. మన వైపు పాలు ఇంకిపోవడానికి చేసేదే, తెలియని ఇల్లుండదు. దానికి తోడు మాత్రలు. చీకట్లో ఆ వాసన పసిగట్టి వాడు నా పమిట పట్టుకుని గుంజుతూ మూడు రాత్రులు ఏడ్చాడు. నాలుగో రాత్రి నుంచి అడగడం మానేశాడు. ఇప్పటికీ మల్లెపూలంటే నాకు వెగటు.

ఉన్నట్టుండి ఆపేసరికి పాలు కట్టాయి. 102 జ్వరం, ఎడమ రొమ్ము రాయిలా, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. యాంటీబయాటిక్ వాడితే వాపు తగ్గింది గానీ నిమ్మకాయంత గడ్డ మిగిలింది. అప్పటికి నా బుర్రలో అమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఆ టెన్షన్‌లో ఒక స్నేహితురాలు చెబితే వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె అదే రోజు అల్ట్రాసౌండ్ చేసింది, పట్టుమని పదినిమిషాలు. పాలతిత్తి అంది. సూది పెట్టి లాగితే చిక్కటి పాలు, మీగడలాగా వచ్చాయి. గడ్డ పోయింది. నా కథంతా విని ఆమె ఒకటే అడిగింది: "మరి బాబుకి మాన్పించడం ఎందుకమ్మా?" నా దగ్గర జవాబు లేదు. అక్టోబరులో మామోగ్రామ్ కూడా చేయించుకున్నాను, బాగానే ఉంది. అప్పటికి వాడికి నా దగ్గర పాలు తాగిన సంగతే గుర్తులేదు.

నా సంగతి అలా తేలిపోయింది. అందరికీ అలా తేలదు. ఆ డాక్టరమ్మ గది బయట బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఇరవై ఏడేళ్లు, ఒళ్లో పదినెలల పాప. తన పేరు లేకుండా రాయమని ఒప్పుకుంది. పాపకు మూడో నెలలో గడ్డ తగిలిందట. వాళ్ల అమ్మ పాలగడ్డ అంది. ఊళ్లో ఆర్ఎంపీ పాలగడ్డ అని మాత్రలిచ్చాడు. కాన్పు చేసిన చోట చూపిస్తే అక్కడా చేత్తో చూసి పాలగడ్డే, పాలిస్తూ ఉండు, అదే కరుగుతుంది అన్నారు. ఏడు నెలలు ఎవరూ స్కానింగ్ రాయలేదు. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. కీమో మొదలుపెట్టేముందు పాపకు ఒక్క రోజులో పాలు ఆపేయాల్సి వచ్చింది. కీమో మందులు పాలలోకి వెళతాయి కాబట్టి అది తప్పదు. పాలు మాన్పించాల్సింది దానికి. పరీక్షకు కాదు. ఈ తేడా మా కౌంటర్లకు ఎప్పుడు చేరుతుంది?

ఇక మీ నోటిమాట వల్ల మామూలు ఆడవాళ్లకు ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. లెక్క వేసి చూడండి. గర్భం తొమ్మిది నెలలు. రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ప్రభుత్వాలు చెబుతున్నాయి, అది 24 నెలలు. మాన్పించాక ఆగమన్నది ఆరు నెలలు. మొత్తం 39 నెలలు. ఇద్దరు పిల్లలైతే 78 నెలలు, అంటే ఆరున్నరేళ్లు. ఆరున్నరేళ్లు ఆ తల్లి రొమ్మును ఎవరూ చూడనక్కర్లేదన్నమాట. అదే సమయంలో, 15 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2019లో వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, కాన్పు తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు కొన్నేళ్లు పెరిగి, సుమారు ఐదేళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా తగ్గి, చాలా ఏళ్లకు పిల్లల్ని కన్నవారికే తక్కువవుతుంది. పెరిగే ముప్పు చిన్నదే, ఎవరూ హడలిపోనక్కర్లేదు. కానీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవారికి, ఆలస్యంగా పిల్లల్ని కన్నవారికి అది ఎక్కువని కూడా అదే పరిశోధన చెప్పింది. నాలాంటి వాళ్లకన్నమాట. సరిగ్గా చూడాల్సిన ఏళ్లలోనే మీరు తలుపు వేస్తున్నారు.

2. పాలిచ్చేవాళ్లకు క్యాన్సర్ రాదు అనే మాట ఊళ్లల్లో పాతుకుపోయింది. దానికి మూలం ఒక నిజమే. 30 దేశాల పరిశోధనలను కలిపి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం ఒక స్త్రీ మొత్తం మీద పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. తగ్గుతుంది అన్నారు, రాదు అనలేదు. గర్భవతిగా ఉన్నప్పుడో, కాన్పయిన ఏడాది లోపో బయటపడే రొమ్ము క్యాన్సర్ సుమారు మూడు వేల గర్భాలకు ఒకటి అని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో ఏడాదికి ఎన్ని కాన్పులు అవుతాయో మీకు నాకన్నా బాగా తెలుసు.

తమాషా ఏమిటంటే, పాలివ్వడం వల్ల ముప్పు తగ్గుతుందని మీరే చెబుతారు, ఆ ముప్పును కనిపెట్టే పరీక్ష కోసం పాలు ఆపమనీ మీరే చెబుతారు. ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు, అక్టోబరు వచ్చిందంటే గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు. ఆగస్టు ఫ్లెక్సీలో నవ్వే బాలింత అక్టోబరు క్యాంపులో లైన్లో నిలబడితే వెనక్కి పొమ్మంటారు.

3. 'పాలగడ్డ' అనే మాట దగ్గరే రోగం ముదురుతోంది. పాలిచ్చే రోజుల్లో వచ్చే గడ్డల్లో నూటికి ఎనభై దాకా ప్రమాదం లేనివే. పాలు కట్టడం, పాలతిత్తి, చీము, పాల కణుతులు. నాదీ అలాంటిదే. కానీ ఏది ఏదో చేత్తో తడిమి చెప్పడం ఎవరి తరమూ కాదు, అందుకే కదా యంత్రాలు కొన్నది. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా దాదాపు పదేళ్లు ముందే, నలభైల్లోనే, ఎక్కువగా కనిపిస్తోంది. ఆలస్యంగా పెళ్లిళ్లు, ఆలస్యంగా కాన్పులు. అంటే జబ్బు పడే వయసు, బిడ్డల్ని కనే వయసు ఒకదానికొకటి దగ్గరికి జరుగుతున్నాయి.

4. తిప్పి పంపిన ఆడమనిషి మళ్లీ రాదు. పల్లె నుంచి బస్సెక్కి, ఆ రోజు కూలి పోగొట్టుకుని, అత్తగారినో భర్తనో బతిమాలుకుని, చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చిన మనిషి. "ఏమీ లేదన్నారా? మంచిదే, పద" అంటారు ఇంట్లో. ఏమీ లేదని అనలేదు, అసలు చూడలేదు అని ఆమెకు చెప్పడం కూడా రాదు. ఆరు నెలల తర్వాత రావడానికి ఆమె మళ్లీ అందరినీ ఒప్పించుకోవాలి. ఏ జబ్బూ కనపడని మనిషిని రెండోసారి ఎవరు పంపుతారు?

5. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21: దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా కాదు. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లో ఆసుపత్రి కాన్పులు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. అంటే దాదాపు ప్రతి తల్లీ మీ చేతుల్లోంచే వెళుతోంది. కుట్లు చూస్తారు, బీపీ చూస్తారు, బిడ్డ బరువు చూస్తారు. పాలు పడుతున్నాయా అని అడుగుతారు. రొమ్మును మాత్రం బిడ్డ పాలగిన్నెగానే చూస్తారు, తల్లి ఒంట్లో భాగంగా చూడరు.

ఒక్క 2022లోనే మన దేశంలో 1,92,020 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,337 మంది చనిపోయారని ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా. వచ్చినవారిలో సగానికి సమానమైనంత మంది పోతున్నారు. ఆలస్యంగా రావడమే దీనికి పెద్ద కారణమని ప్రతి అక్టోబరులో వేదికలెక్కి మీరే చెబుతున్నారు. ఆలస్యంగా వచ్చేవాళ్ల గురించే చెబుతున్నారు, తొందరగా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్ల గురించి చెప్పరేం?

మా మీద చిన్నచూపుతో ఇలా చేస్తున్నారని నేను అనడం లేదు. కౌంటర్ అమ్మాయికి ఎవరో చెప్పారు, ఆమె నాకు చెప్పింది. చదువుకునే రోజుల్లో విన్న మాటే కొందరు డాక్టర్లు ఇంకా చెబుతున్నారు. పాలిచ్చే రొమ్ము ఫిల్మ్ చదవడం నిజంగానే కష్టం, తప్పు చదివితే తలనొప్పి, ఆగమంటే ఏ గొడవా లేదు. ఆగడం సరైన సందర్భం కూడా ఒకటుంది. ఇంట్లో ఎవరికీ లేదు, గడ్డ లేదు, రెండు నెలల్లో ఎలాగూ పాలు మాన్పించబోతోంది, అలాంటి నలభై ఏళ్ల ఆవిడతో కూర్చుని మాట్లాడి, మాన్పించాక కొద్దినెలలు ఆగుదామా అని అడగొచ్చు. అది ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం. నాకు ఎదురైంది అది కాదు. మా అమ్మకు ఏమైందో అడిగిన వాళ్లే లేరు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. పాలిస్తున్నారన్న ఒక్క కారణంతో రొమ్ము పరీక్ష నిరాకరించకూడదని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు సర్క్యులర్ ఇవ్వాలి. ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాలన్నిటికీ, క్యాంపులకూ, మొబైల్ వ్యాన్లకూ అది వర్తించాలి. ప్రతి కౌంటర్ దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి: 'పాలిచ్చే తల్లులు బిడ్డకు పాలిచ్చి పరీక్షకు రండి. పరీక్ష తర్వాత వెంటనే పాలివ్వవచ్చు.' రెండు వాక్యాలు. గర్భవతులు ముందుగా చెప్పాలి అని ఎక్స్‌రే గది తలుపు మీద రాసే బోర్డు పక్కనే చోటుంది.

2. పరీక్ష చేయకూడదని డాక్టరు అనుకుంటే, ఎందుకు, ఎప్పటిదాకా అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కౌంటర్ సిబ్బంది ఆ నిర్ణయం తీసుకోకూడదు. మిగతావన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి వదలను. రాయాల్సి వస్తే చాలామంది పుస్తకం తెరిచి చూస్తారు. చూస్తే తిప్పి పంపరు.

3. పాలిచ్చే తల్లికి గడ్డ ఉండి, మందు వాడినా, మర్దన చేసినా రెండు వారాల్లో పోకపోతే తప్పనిసరిగా అల్ట్రాసౌండ్ రాయాలి. వయసుతో నిమిత్తం లేదు. ఎర్రబడి వాచి యాంటీబయాటిక్‌కు తగ్గని రొమ్మును రెండో కోర్సు, మూడో కోర్సు అంటూ సాగదీయకూడదు, వాపులా కనిపించే క్యాన్సర్ కూడా ఉంది. కాన్పు చేసిన ఆసుపత్రిలోనే ఈ స్కానింగ్ ఉచితంగా దొరకాలి. యంత్రం ఎలాగూ అక్కడ ఉంది, రోజంతా గర్భిణులకు చేస్తూనే ఉన్నారు.

4. టీకా రోజును వాడుకోండి. ఆశా కార్యకర్త కాన్పయ్యాక ఇంటికి ఆరుసార్లు వస్తుంది: 3, 7, 14, 21, 28, 42 రోజులకు. బిడ్డ బరువు తూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఆ తర్వాత తల్లి బిడ్డను ఎత్తుకుని ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో సబ్‌సెంటర్‌కు తానే వస్తుంది. ఏ స్క్రీనింగ్ క్యాంపుకైనా ఇంత మంది ఇన్నిసార్లు వస్తారా? ఆ రోజు ఏఎన్ఎం తెర చాటున ఐదు నిమిషాలు చూస్తే చాలు. ఇప్పుడున్న జాతీయ కార్యక్రమం 30 దాటినవారికి ఐదేళ్లకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయమంటోంది. ఇరవైల్లో కాన్పులయ్యే మన పల్లెల్లో బాలింతలు చాలామంది ఆ వయసు గీతకు ఇవతలే ఉండిపోతారు. ఆశా దగ్గరుండే ఫారంలో ప్రశ్నలు కూడా గడ్డ ఉందా, రక్తం కారుతోందా, ఆకారం మారిందా అనే. పాలిచ్చే ఏ ఆడదానికి ఆకారం మారదు? ఆ ప్రశ్నకు అందరూ అవుననాలి, లేకపోతే అందరూ కాదనాలి. పాలిచ్చేవారికి వేరే ప్రశ్న రాయండి: రెండు రొమ్ముల్లో ఒకదాంట్లోనే తేడా ఉందా, పాలిచ్చాక కూడా గడ్డ తగులుతోందా.

చేతి పరీక్ష ఏం పనికొస్తుందని కొట్టిపారేసేవాళ్లున్నారు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో, సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే పరీక్ష చేశారు. జబ్బు తొలి దశల్లోనే దొరికింది. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. అంతకన్నా చిన్నవారిలో మరణాలు తగ్గినట్టు తేలలేదు, ఆ మాట కూడా దాచను. నేను అడుగుతున్నది చేతి పరీక్షతో సరిపెట్టమని కాదు. గడ్డ తగిలితే వెంటనే స్కానింగ్‌కు పంపే మొదటి మెట్టుగా వాడమని.

5. గైనకాలజిస్టు గారూ, కాన్పుకు ముందు షుగర్, బీపీ, థైరాయిడ్ వంశంలో ఉన్నాయా అని అడుగుతారు. 'మీ అమ్మకు, అక్కచెల్లెళ్లకు రొమ్ము క్యాన్సర్ ఉందా?' అని కూడా అడిగి తల్లీబిడ్డల కార్డు మీద రాయండి. ఉందని చెప్పినవారికి పాలు మాన్పించేదాకా ఆగకుండా పరీక్ష తేదీ ఇవ్వండి.

6. స్కానింగ్ సెంటర్ల యజమానులకు: ఒక కుర్చీ, ఒక తెర. బిడ్డకు పాలివ్వడానికి, లేదా పిండుకోవడానికి. పాలిచ్చే తల్లిని రెండు గంటలు కూర్చోబెట్టి పిలిస్తే రొమ్ము మళ్లీ నిండిపోతుంది, నొప్పికి నొప్పి, ఫిల్మ్‌కు ఫిల్మ్ పాడు. పాలిచ్చిన వెంటనే లోపలికి పిలవండి. మామోగ్రామ్ తీసేది ఆడమనిషే అయి ఉండాలి. నొక్కినప్పుడు పాలు చిమ్ముతాయి, యంత్రం మీద పడతాయి. మొహం చిట్లించకుండా తుడిచే మనిషి కావాలి.

7. రేడియాలజీ, ప్రసూతి వైద్యుల సంఘాల తెలుగు రాష్ట్రాల శాఖలు కలిసి ఒకే ఒక్క పేజీ రాయండి. పాలిచ్చే తల్లికి ఏ పరీక్ష, ఎప్పుడు, ఎలా. ఇంగ్లీషులో డాక్టర్లకు ఒకటి, తెలుగులో మాకు ఒకటి. మూడు చోట్ల మూడు గడువులు వినే పరిస్థితి పోవాలి.

8. అర్జీదారుకు ఫోన్ చేయకుండా, ఏం చేశారో ఒక్క వాక్యం రాయకుండా 'పరిష్కరించబడింది' అని మూసేయడం ఆపండి. నా అర్జీని తిరిగి తెరవండి.

వీటిలో ఒకటి, రెండు, ఐదు, ఆరింటికి పెద్ద ఖర్చేమీ లేదు. బోర్డు, కాగితం, ఒక ప్రశ్న, ఒక కుర్చీ. బడ్జెట్ లేదనే జవాబు దయచేసి వాటికి ఇవ్వకండి.

మా చెల్లెలికి ఈ ఏడు 36 నిండాయి. ఆమెదీ నాదీ ఒకే అమ్మ. నాలాగా బద్ధకించలేదు, పుట్టినరోజు వెళ్లిన వారానికే అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఐదు నెలల పాపను ఎత్తుకుని వచ్చే నెల వస్తోంది, నేను తోడు వస్తున్నాను. పాపకు మీ ఆవరణలోనే పాలిచ్చి లైన్లో నిలబడుతుంది. తిప్పి పంపేటట్లయితే కారణం రాసి, కింద సంతకం, తేదీ, పేరు వేసి ఇవ్వండి. పెన్ను నేను తెస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్నం నుంచి